కుడిచేతి కుంకుమ

నేను ఒక శిక్షణ విమానాన్ని. విమానం అనగానే మీరు మెట్లెక్కి, కిటికీ పక్క సీటు వెతుక్కుని, కాఫీ ఎప్పుడిస్తారా అని ఎదురుచూసే ఆ పెద్దవాటిని ఊహించుకోకండి. నాకున్నవి రెండే సీట్లు. రెక్కలు నెత్తిమీద, ప్రొపెల్లర్ ముక్కుమీద, కడుపు కింద మూడు చక్రాలు. తలుపు కాస్త గట్టిగా వేస్తే ఒళ్ళంతా అదురుతుంది. ఎండాకాలంలో నా లోపల కూర్చోవడమంటే ఇడ్లీ పాత్రలో కూర్చోవడమే. అయితేనేం! ఇవాళ పెద్ద విమానాలు నడుపుతూ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హుందాగా నడిచిపోయే పైలట్లలో చాలామంది మొదట నా చెవులు మెలిపెట్టినవాళ్ళే. నా తోక మీద రాసిన అక్షరాలు గబగబా చదివితే ‘కాకి’ అన్నట్టు వినిపిస్తుంది. అందుకని పిల్లలందరూ నన్ను కాకి అనే పిలిచారు. నాకు కోపం రాలేదు. కాకి కూడా ఎగురుతుంది కదా.

పుట్టింది ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో. రెక్కలు విడిగా, ఒళ్ళు విడిగా చెక్కపెట్టెల్లో సర్ది, ఓడలో వేసి చెన్నై రేవులో దింపారు. మొదట నన్ను కొన్నది ఒక గ్రానైట్ వ్యాపారి. తన క్వారీలన్నీ పైనుంచి చూసుకోవాలని ఆయన సరదా. పైకి లేచిన మొదటిరోజే ఆయనకి కడుపులో తిప్పింది. ఆ తరువాత నన్ను ఫొటోలకే వాడుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలందరూ నా రెక్కమీద చెయ్యేసి నవ్వుతూ ఫొటో దిగేవాళ్ళు. ఎగరడానికి పుట్టినదాన్ని, పెళ్ళిపందిట్లో కుర్చీలా అలా పడి ఉన్నాను. చివరికి ఆయనకి నామీద మోజు తీరిపోయి, రాయలసీమలో బుగ్గలదిన్నె అనే ఊరి బయట ఉన్న ఫ్లయింగ్ స్కూలుకి అమ్మేశాడు. నా అసలు బతుకు అక్కడే మొదలైంది.

ఆ స్కూలు గురించి చెప్పాలి. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, చుట్టూ వేరుశెనగ చేలు, మధ్యాహ్నమయ్యేసరికి కొండల మీంచి దూసుకొచ్చే గాలి. పొద్దున్నే పిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని షెడ్డు ముందు వరుసగా నిలబడేవాళ్ళు. ఎవరు ఎగరాలి, ఏ విమానంలో, ఎవరితో, ఇవాళ ఏం నేర్చుకోవాలి, అన్నీ పైనుంచే వచ్చేవి. ‘సార్, నాకు నిన్నటి పాఠం ఇంకా పట్టుబడలేదు’ అన్నవాణ్ణి నేను చూడలేదు. అంటే ‘భయపడుతున్నాడు’ అనే మాట పుట్టేది. ఆ మాట ఒకసారి అంటుకుంటే బురద కాదు కడుక్కోవడానికి. అందుకే అందరూ అన్నిటికీ ‘యస్ సార్’ అనేవాళ్ళు. వాంతి వస్తున్నా ‘యస్ సార్’ అనేవాళ్ళు. ఎవరికి ఎంత వచ్చో వాళ్ళని తప్ప మిగతా అందరినీ అడగడం మనుషుల పద్ధతి కాబోలు అనుకున్నాను.

అక్కడ ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్ వేదాంతం రాఘవరావు. కృష్ణాజిల్లా మనిషి. తెల్లని మీసం, గుండ్రని పొట్ట, గుండెనిండా ప్రేమ. వేదాంతం సార్ దగ్గర నేర్చుకున్న పిల్లలెవ్వరూ నా చక్రం ఒక్కటి కూడా వంచలేదని ఆయనకి మహా గొప్ప. నిజమే. కానీ ఎందుకు వంచలేదో నాకొక్కదానికే తెలుసు.

నాలో రెండు కంట్రోల్ వీల్స్ ఉన్నాయి. ఎడమవైపుది నేర్చుకునేవాళ్ళకి, కుడివైపుది నేర్పేవాళ్ళకి. రెండూ లోపల తీగలతో కలిపే ఉంటాయి. ఒకటి తిరిగితే రెండోది తిరుగుతుంది. ఎడమవైపు కూర్చున్న పిల్ల తనే తిప్పాననుకుంటుంది, కుడివైపు కూర్చున్న పెద్దమనిషి తిప్పాడో ఏమో దానికెలా తెలుస్తుంది? నేల దగ్గరకి వచ్చేటప్పుడు పిల్లల కళ్ళన్నీ రన్‌వే మీదే ఉంటాయి. అటు సార్ కుడిచెయ్యి తలుపు పక్కగా, పొట్ట చాటున, మెల్లగా వీల్ మీదకి వచ్చేది. బొటనవేలు, రెండు వేళ్ళు. అంతే. ముక్కు ఎంత ఎత్తాలో అంత ఎత్తేవాడు. నేను పువ్వులా వాలేదాన్ని. ‘చూశావా! నేను చెయ్యి కూడా వెయ్యలేదు సుమా!’ అనేవాడు. పిల్ల ముఖం వెలిగిపోయేది.

ఆయన అబద్ధాలకోరు కాదండీ. అదే తమాషా. ఆయన నోరు నిజంగానే నమ్మి చెప్పేది. చెయ్యి మాత్రం ఆయనతో చెప్పకుండా దాని పని అది చేసుకుపోయేది.

ఆ స్కూలుకి వచ్చింది కాత్యాయని. రాయదుర్గం పిల్ల. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కనుబొమలు ముడిచి ఆలోచిస్తూ ఉండేది. నాలోకి ఎక్కేముందు నా ముక్కుని ఒకసారి తట్టేది, గేదెని పలకరించినట్టు. నాకు ఆ తట్టడం ఎంత ఇష్టమో! ఆకాశంలో తిప్పడంలో దానికి తిరుగులేదు. ల్యాండింగులు కూడా బ్రహ్మాండంగా వస్తున్నాయని అందరూ అన్నారు. కాత్యాయనికి మాత్రం ఎక్కడో ఏదో తేడాగా ఉండేది. ఒక్కోసారి తను ఇంకా లాగకముందే వీల్ తన చేతుల్లోకి తోసుకొచ్చేది. “కాకికే తెలుసేమో దిగేది,” అని తన స్నేహితుడు ఇంతియాజ్‌తో నవ్వుతూ అంది. ఇంతియాజ్ ఆ నవ్వులోని అనుమానాన్ని పట్టించుకోలేదు. “నీకేం మే, నీ సోలో దగ్గర పడింది. నాకెప్పుడొస్తాదో ఏమో,” అన్నాడు.

సోలో అంటే ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి, పిల్లని ఒంటరిగా పైకి పంపడం. పక్కన ఎవరూ ఉండరు. పైకి లేచాక తనే దింపాలి; ఇంతవరకు వెళ్ళినవాళ్ళు అదృష్టం కొద్దీ ఎలాగో ఒకలా దింపారు. ఆ రోజు కోసం పిల్లలు కలలు కంటారు. దిగి రాగానే అందరూ బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తారు. ఆ సీమలో, నీళ్ళు ట్యాంకర్లో తెచ్చుకునే చోట, ఒక మనిషి నెత్తిన బకెట్లు దిమ్మరించడం కంటే పెద్ద గౌరవం ఇంకేముంది చెప్పండి!

విజయదశమి వచ్చింది. ఆయుధపూజ. మా మెకానిక్ గంగన్న నన్ను తెల్లవారకముందే కడిగి, ముక్కుకి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ప్రొపెల్లర్‌కీ, తలుపులకీ, లోపల రెండు కంట్రోల్ వీల్స్‌కీ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాడు. బొట్లంటే చిన్నవి కాదు. గంగన్న చెయ్యి పెద్దది, కుంకుమ తడిపి దట్టంగా అద్దాడు. “ఆరకుండా ఉండాల. కాకికి దిష్టి ఎక్కువ,” అన్నాడు. పూజయ్యాక ఆనవాయితీగా ఒక రౌండు ఎగరాలి. ఆ రోజు ఆ రౌండు కాత్యాయనికి వచ్చింది. వేదాంతం సార్ మంచి హుషారుగా ఉన్నాడు. “ఇవాళ నేను ప్రయాణికుణ్ణి అమ్మాయ్. మొదలు నుంచి చివరిదాకా అంతా నీదే,” అని కుడిసీట్లో కూర్చున్నాడు.

ఎగిరాం. తిరిగాం. దిగాం. ఎంత మెత్తగా దిగానంటే నా చక్రాల కింద నిమ్మకాయ ఉన్నా చితికేది కాదు. షెడ్డు ముందుకి వచ్చి ఆగాం. ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతూనే ఉంది. అక్కడ పిల్లలందరూ బకెట్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. స్కూలు చీఫ్ ఇందుమతి గారు కూడా వచ్చి నిలబడ్డారు. అప్పుడర్థమైంది నాకు. సార్ రహస్యంగా ఏర్పాటు చేశాడు! ఆయన బెల్టు విప్పుకుని, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, మీసం దువ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

“బ్రహ్మాండం అమ్మాయ్! నేను చెయ్యి కూడా వెయ్యలేదు. ఇక నీ సోలో. వెళ్ళిరా!”

ఆ బొటనవేలు ఎర్రగా ఉంది. పక్కన రెండు వేళ్ళూ ఎర్రగా ఉన్నాయి. తెల్లని మీసం ఒకవైపు నిగనిగలాడే ఎరుపు. కాత్యాయని ఆ వేలు చూసింది. తరువాత కుడివైపు వీల్ చూసింది. గంగన్న పెట్టిన బొట్టు చెదిరి, వేళ్ళు జారిన గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఈ పిల్ల ఇంతవరకు నన్ను ఒక్కసారి కూడా ఒంటరిగా నేలకి దించలేదు! ఇప్పుడు పైకి వెళితే ఆ కుడిచెయ్యి ఉండదు. వెళ్ళకపోతే ‘భయపడింది’ అంటారు. బయట బకెట్లు, చప్పట్లు, ఫోన్లలో వీడియోలు. పిల్లలు అరుస్తున్నారు. ఎవరైనా ఏం చేస్తారు? ‘యస్ సార్’ అంటారు. కాత్యాయని చెయ్యి ముందుకి చాచింది. నా ఇంజన్ ఆపేసింది.

ప్రొపెల్లర్ టకటకమని ఆగిపోయింది. కాత్యాయని కిందికి దిగింది.

“నేను ఈ పొద్దు సోలో పోను సార్,” అంది.

చీఫ్ ఇందుమతి గారు గబగబా వచ్చారు. ఆవిడ మంచిదే కానీ స్కూలు పద్ధతి అంటే పద్ధతే. “సోలో ఎప్పుడో చెప్పేది ఇన్‌స్ట్రక్టర్. స్టూడెంట్ కాదు. ఇక్కడ ఇష్టమొచ్చింది అడగడానికి ఇదేమైనా హోటలా? భయమైతే చెప్పు, ఇంటికి పంపించేస్తాను.”

“భయం కాదు మేడమ్. నాకు ల్యాండింగ్ వచ్చో రాదో నాకే తెల్దు.”

వేదాంతం సార్ ముఖం వాడిపోయింది. “అదేవిటమ్మా? ఇంత చక్కగా దింపి! నా మీద నమ్మకం లేదా నీకు?”

కాత్యాయని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం తొణకలేదు. “మీ మీద ఉండాది సార్. నా మీదనే లేదు. చిన్నప్పుడు మా అన్న సైకిలు నేర్పిస్తా, ‘పట్టుకోనుండాలే, తొక్కు’ అని చెప్పి వదిలేసినాడు. మీరేమో వదిలేసినా అని చెప్పి పట్టుకోనుండారు. మీ చెయ్యి చూసుకోండి సార్.”

సార్ చెయ్యి చూసుకున్నాడు. తిప్పి చూసుకున్నాడు. నా లోపలికి తల పెట్టి కుడివైపు వీల్ చూశాడు. బకెట్లు పట్టుకున్న పిల్లలు వాటిని కింద పెట్టేశారు. చీఫ్ గారు ఆయన మీసం వంకే చూశారు.

“నేను పట్టుకున్నానా?” అన్నాడు ఆయన చివరికి, గంగన్నని అడుగుతున్నట్టుగా. గంగన్న నేల చూశాడు.

“ఏం నేర్పాలనేది మీరే చెప్పండి సార్. ఎప్పుడు నేర్పాలనేది కూడా మీ ఇష్టం,” అంది కాత్యాయని. “నాకొచ్చిందా లేదా అనేది మాత్రం నన్ను గూడా అడగండి. అంతే. మీ చేతులు నాకు కనపడేట్ల పెట్టుకోని ఒక రౌండు రండి.”

చీఫ్ గారు “ఇది పద్ధతి కాదు,” అన్నారు కానీ, ఆ గొంతులో ఇందాకటి పదును లేదు. వేదాంతం సార్ పూజపళ్ళెం దగ్గరికి నడిచి, మిగిలిన నిమ్మకాయల్లో రెండు తీసుకున్నాడు. చేతికొకటి. “ఇవి పట్టుకుని కూర్చుంటాను. ఇవి చేతిలో ఉండగా నేను వీల్ పట్టుకోలేను. చాలునా?”

“కాళ్ళు కూడా కింద పెడల్స్‌కి తగలకుండా వెనక్కి మడిచి పెట్టుకోండి సార్. నిజంగా ప్రమాదం అనిపిస్తే మాత్రం నిమ్మకాయలు పారేసి పట్టుకోండి.”

“పారేస్తానులేమ్మా. నాకూ మనవలున్నారు,” అన్నాడు సార్. అందరూ ఫక్కున నవ్వారు. నాకు ఊపిరొచ్చింది.

అబ్బ, ఆ రౌండు! నా బతుకులో అలాంటి గందరగోళం ఎప్పుడూ లేదు. నేల దగ్గరకి వచ్చాం. ముక్కు ఎత్తాల్సిన చోట కాత్యాయని ఎదురుచూసింది. అలవాటుగా వీల్ తనంతట తను వెనక్కి వస్తుందేమోనని ఎదురుచూసింది! రాలేదు. రన్‌వే మీదికి ఎగబడింది. అమ్మో అనుకుని ఒక్కసారిగా లాగింది. నేను దభీమని చక్రాలు తాకించి బంతిలా పైకి ఎగిరాను. సార్ గుప్పిళ్ళు బిగుసుకున్నాయి. కుడిచేతి నిమ్మకాయ చితికి, రసం ఆయన తెల్లప్యాంటు మీద పడింది. కానీ వదల్లేదు! కాత్యాయని ఇంజన్‌కి పూర్తి బలం ఇచ్చి, దిగడం మానేసి, నన్ను మళ్ళీ ఆకాశంలోకి తీసుకుపోయింది. ఆ నిర్ణయం ఎవరూ చెప్పకుండా తనే తీసుకుంది.

“అట్లా రాదు. మళ్ళీ,” అంది తనలో తను.

రెండోసారి దిగింది. దిగింది అనడం మర్యాద. నన్ను రన్‌వే మీద పడేసింది. నా చక్రాల కాళ్ళు జివ్వుమన్నాయి, తలుపులు గలగలలాడాయి. ఎంత నొప్పి! ఎంత ఆనందం! ఎన్నో ఏళ్ళుగా, ఆ సోలో రోజు తప్ప, వేదాంతం సార్ ఒక్కడే పిల్లలందరి పేరు మీద నన్ను దించుతూ వచ్చాడు. ఇవాళ మొదటిసారి, సార్ పక్కనుండగానే, ఒక కొత్త చెయ్యి, తడబడుతూ, తప్పుచేస్తూ, నిజంగా నన్ను పట్టుకుంది. నాకు కేకలు పెట్టాలనిపించింది. మూడోసారి కాస్త నయం. నాలుగోసారి వచ్చేసరికి ముక్కు ఎప్పుడెత్తాలో ఆ పిల్ల నడుముకి తెలిసిపోయింది. కళ్ళు రన్‌వే చివరకి పోయాయి, చేతులు తొందరపడలేదు, నేను నేలకి ఒక జానెడు ఎత్తున తేలి తేలి వాలాను. సార్ చేసినంత మెత్తగా కాదు. కానీ అది ఆ పిల్లదే.

నాలోపలంతా నిమ్మకాయ వాసన. రెండో నిమ్మకాయ కూడా ఎప్పుడో చితికిపోయింది; సార్ రెండు పిప్పుల్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయన తలుపు తియ్యలేదు.

“ఇప్పుడు నేను దిగనా అమ్మాయ్? నువ్వే చెప్పు.”

కాత్యాయని కనుబొమలు ముడిచింది. గాలి ఎటు వీస్తుందో చూసింది. “ఇంకొక్కటి చేద్దాం సార్,” అంది. ఆ ఒక్కటీ చేశాక, “ఇప్పుడు దిగండి సార్,” అంది.

ఆయన దిగిపోయాడు. ఆ పొట్ట బరువు తగ్గగానే నేనెంత తేలికయ్యానో! రన్‌వే సగం కూడా దాటకముందే గాల్లో ఉన్నాను. కుడిసీటు ఖాళీ. దాని ముందు చెదిరిన కుంకుమ. ఎడమసీట్లో ఒక పిల్ల పెద్దగొంతుతో, రాగం లేకుండా, ఏదో పాడుకుంటోంది. వేరుశెనగ చేలు, కొండలు, ట్యాంకర్ చుట్టూ చీమల్లా మనుషులు. తిరిగాం, దిగాం. ఒక చిన్న గంతు వేశాను, అంతే. బకెట్లు కాత్యాయని మీద, ఆ తరువాత వేదాంతం సార్ మీద కుమ్మరించారు. ఆయన మీసం కుంకుమ నీళ్ళలో కరిగి చొక్కా అంతా పారింది. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ తడిలో ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు నుంచి మా స్కూల్లో ‘నిమ్మకాయ రౌండు’ అని ఒకటి పుట్టింది. సోలోకి ముందు ఏ పిల్లైనా అడగొచ్చు. చీఫ్ గారు మొదట సణిగారు, తరువాత ఆవిడే నిమ్మకాయలు తెప్పించారు. మనుషులు కదా, కొందరు దాన్ని కూడా పాడుచెయ్యబోయారు. ఒకడు రోజూ నిమ్మకాయ రౌండే కావాలన్నాడు. మన ఇంతియాజ్ “నాకొచ్చేసింది, ఈ పొద్దే పంపండి” అని గొడవపెట్టాడు. సరే, కూర్చోమన్నారు. ఇంతియాజ్ నన్ను రన్‌వే పక్కనున్న గడ్డిలోకి దించబోతే సార్ నిమ్మకాయలు విసిరేసి వీల్ పట్టుకోవాల్సి వచ్చింది. దిగాక ఇంతియాజే “ఇంకో పది రోజులు నేర్పండి సార్” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు ముచ్చటేసింది.

వేదాంతం సార్ రిటైరై వెళ్ళిపోయాడు. నా రంగు వెలిసింది, కీళ్ళు అరిగాయి. కాకిని ఇక పక్కన పెట్టేద్దామనుకున్న ఏడాదే, భుజాల మీద బంగారు పట్టీలతో ఒక కొత్త ఇన్‌స్ట్రక్టర్ వచ్చింది. నా ముక్కుని ఒకసారి తట్టింది. నాకు వెంటనే తెలిసిపోయింది! కాత్యాయని ఈసారి కుడితలుపు తీసుకుని ఎక్కింది. ఎక్కగానే చిన్న డబ్బా తీసి, తడి కుంకుమ కుడివైపు వీల్‌కి తనే అద్దింది.

ఎడమసీట్లో తిరుపాల్ అనే కుర్రవాడు. అది నేను ఎగిరిన చివరి రోజు. గాలి అడ్డంగా కొడుతోంది. దిగేటప్పుడు తిరుపాల్ చెయ్యి ఆలస్యమైంది, నేను ఒక పక్కకి ఒరిగాను. కాత్యాయని కుడిచెయ్యి టక్కున వీల్ మీదకి వచ్చింది. మెత్తగా దిగాం. అచ్చం వేదాంతం సార్ దించినట్టే. తిరుపాల్ ముఖం వెలిగిపోయింది.

“మేడమ్! చూసినారా ఎట్ల దించినానో!”

ఆ వెలుగుని ఆర్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ‘బ్రహ్మాండం’ అనేస్తే చాలు, ఆ కుర్రవాడు రాత్రంతా ఆనందంగా నిద్రపోతాడు. కాత్యాయని అరచెయ్యి అతని ముందు తెరిచి పట్టుకుంది. ఎర్రగా ఉంది.

“ఇది నీది కాదు తిరుపాల్. నేను పట్టుకున్యా. మళ్ళా పోదామా, ఈ పొద్దుకి చాలా? నువ్వే చెప్పు.”

కుర్రవాడు ఆ చెయ్యి వంక చూశాడు. సిగ్గుపడ్డాడు. తరువాత రన్‌వే వంక, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగుడ్డ వంక చూశాడు.

“మళ్ళా పోదాం మేడమ్.”

కాత్యాయని చేతిరుమాలుతో వేళ్ళు శుభ్రంగా తుడుచుకుంది. వీల్ మీద కొత్తగా కుంకుమ అద్దింది. మళ్ళీ పోయాం. ఒక గంతు, ఇంకో గంతు, చక్రాలు కీచుమన్నాయి, ఆగాం. కాత్యాయని రెండు చేతులూ అతని ముందు చాచింది. వాటి మీద ఒక్క ఎర్రమచ్చ లేదు.

ఇప్పుడు నేను రెక్కలు లేకుండా క్లాసురూములో ఉన్నాను. కొత్త పిల్లలు వచ్చి నా ఎడమసీట్లో కూర్చుంటారు. కూర్చోగానే పక్కకి వంగి కుడివైపు వీల్ మీద ఎరుపు ఉందా అని చూస్తారు. వాళ్ళకి అలా చూడమని ఎవరు నేర్పారో నాకు తెలుసు. వాళ్ళు అలా వంగి చూసిన ప్రతిసారీ, నిజం చెబుతున్నాను, నాకు మళ్ళీ ఎగరాలనిపిస్తుంది.